నూటయిరవై గజాల ఎర్రమాను

హులిగెమ్మ నన్ను మొదటిసారి పలకరించింది నవ్వడానికే.

పంతొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరం. కోడుమూరులో మా మగ్గాల వీధి. నాకు ఇరవై రెండేళ్లు. మూడో తరగతిలో బడి మాని మగ్గం గుంటలో కాళ్లు పెట్టాను. నాకు మాట తక్కువ. ఆ ఒక్కరోజు మాత్రం ఎక్కువ మాట్లాడాను.

కర్నూలు మిషను బంగళాలో తువ్వాళ్లు ఇచ్చి వచ్చాను. అక్కడి దొరసానమ్మ అమెరికా దేశపు మనిషి. ఆమె గదిలో గోడకు పెద్ద పటం ఉంది. వాళ్ల దేశపు చెట్లు పొడుగు వరుసలో నిలబడి ఉన్నాయి. అన్నీ సూదుల్లాంటి ఆకుల చెట్లే. అడుగున చీమంత మనిషి బొమ్మ. బంగళాలో వంట చేసే గాబ్రియేలు ఒక్కొక్క చెట్టు కింది అంకె చదివి చెప్పాడు. మొదటి అంకె నేను రెండుసార్లు చదివించుకున్నాను.

ఇంటికి రాగానే అరుగు మీద నూలు కండెలు చుడుతున్న మా అమ్మ తిమ్మమ్మతో చెప్పాను.

"మూడునూర్ల అరవై అడుగుల చెట్టుందంట మా, దొరసాని దేశంలో."

ఎదురింటి ముందు హులిగెమ్మ ఆసు పోస్తోంది. నేలలో వరుసగా నాటిన పుల్లల చుట్టూ నూలు వేసుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది. నా మాట విని నిలబడిపోయింది.

"ఏమప్పా, ఎంతంటివి?"

"మూడునూర్ల అరవై అడుగులు. మన లెక్కకు నూటయిరవై గజాలు."

"పడుకోబెడితేనా, నిలబెడితేనా?"

"నిలబెడితేనే."

"కర్నూల్లో కొండారెడ్డి బురుజు సూసినావు గదా. అట్లాంటివి ఎన్ని పేర్చల్ల?"

"లెక్క పెట్టలేదు."

"అయితే నడువు. మా గడప కాడ మొదలుపెట్టు. దాని కొన యాడికొస్తాదో సూస్తాం."

పక్క ఇళ్ల ఆడవాళ్లు కూడా చేతిలో పని ఆపారు. నేను నడిచాను. అంగకొక గజం చొప్పున కాళ్లు చాచి, లెక్క పెట్టుకుంటూ. అరవై దగ్గర వీధి సగం అయింది. తొంభై ఎనిమిదికి వీధి అయిపోయింది. నూటయిరవైకి జొన్నచేలో ఉన్నాను.

తిరిగి చూస్తే అందరి కొంగులూ నోళ్లకు అడ్డం ఉన్నాయి. హులిగెమ్మ కొంగు మాత్రం నడుముకే ఉంది. ఆమె దాచుకోకుండా నవ్వింది.

"ఆ కొన మింద గద్ద కూచుంటే చెప్పప్పా! మాకు ఈడికి కనపడదు!"

చీకటి పడేలోగా నా పేరు చెట్టప్ప అయింది.

పేరుతో పోయుంటే బాగుండేది. ఆ పిల్లను అడగమని రెండు నెలల కింద నేనే మా అమ్మను పంపాను. ఆ మాట మా అమ్మకు చెప్పడానికే నాకు ఆరు నెలలు పట్టింది. హులిగెమ్మ నాయన కాశన్న దసరా అయినాక మాట్లాడుకుందామన్నాడు. కాదనలేదు. మా వీధిలో అది ఒప్పుకున్నట్టే.

కాశన్న చేతిలో ఇనుప గజం ఉండేది. వీధిలో ఎవరు నేసిన బట్ట అయినా ఆయన కొలిచి ముడి వేస్తేనే కర్నూలు అంగడికి పోయేది. ఆయన ముడి చూస్తే సేటు మళ్లీ కొలవడు. అట్లాంటి మనిషి మరుసటి రోజు మా అరుగు మీదికి వచ్చాడు. కూర్చోలేదు.

"తిమ్మక్కా, పంచెలో జానెడు తక్కువ నేసినోణ్ణి వీధిలో నిలబెట్టినోణ్ణి నేను. చెట్టుకు మూడునూర్ల అడుగులు ఎక్కువ చెప్పేటోనికి పిల్లనెట్లిచ్చేది?"

"పటంలో సూసినాడంట కాశన్నా. వాడు పుట్టించి చెప్పలా."

"పటంలో హనుమంతుడు కొండ మోస్తాండాడు. నేను పోయి తూకమేసినానా? కొలత తప్పు చెప్పేటోడు నా ఇంటికి వద్దు. దసరా మాట మర్సిపో."

నేను లోపల మగ్గం గుంటలోనే ఉన్నాను. పేక పోగు తెగింది. ముడి వేసుకున్నాను.

వారం తర్వాత బండి దొరికితే కర్నూలు పోయాను. దొరసానమ్మ వరండాలో ఉంది. ఆమె తెలుగు పుస్తకంలోని తెలుగు.

"గోపన్నా, తువ్వాళ్లు మొన్ననే ఇచ్చితివి. మరల ఏల వచ్చితివి?"

చెప్పాను. నాకు వచ్చినట్టు చెప్పాను. ఆమె మొదట నవ్వింది. పెండ్లి మాట వచ్చేసరికి నవ్వు ఆపింది.

"ఆ వృక్షమును నా కన్నులతో చూచితిని. నా తండ్రి దాని క్రింద నిలువబడి టోపీ పట్టుకొని పైకి చూచెను. టోపీ పడిపోయెను గాని కొన కనబడలేదు."

"ఆ మాట మా వీధిలో చెప్పల్ల మా."

"చెప్పెదను. వచ్చు నెల ఇరువదవ తేదీన మీ ఊరి బడికి వచ్చుచున్నాను. అంతలో ఆరు నాడాలు నేసి పెట్టుము. ఏ వృక్షము ఎంత పొడవో ఆ నాడా అంత పొడవు. బాటపై పరచి పిల్లలకు చూపెదను."

ఆరు చెట్ల పేర్లూ అడుగులూ కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. ఒక్కొక్క చెట్టు గుణం ఏమిటో గాబ్రియేలు వంటింటి గడప మీద కూర్చోబెట్టి చెప్పాడు. వెళ్లేటప్పుడు దొరసానమ్మ బల్ల మీది నుంచి ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. అది మూరెడు పొడవుంది. చేప పొలుసుల్లా చెక్క రేకులు. దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వచ్చాను.

నాడా నేసే చిన్న మగ్గం మా పెరటి కొట్టంలో ఉంది. మా అవ్వది. అవ్వ పోయినాక దాని మీద చెయ్యి కుదిరింది వీధి మొత్తంలో హులిగెమ్మకే. అవ్వ నేర్పింది ఆమెకే. నా మగ్గం మీద సేటు చీర ఉంది. అది దించితే ఊరుకోడు. ఏం చేయాలో తోచక ఆ చిన్న మగ్గం దుమ్ము తుడుస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం పెరటి గోడ మీద ఒక తల కనిపించింది.

"ఏమప్పా చెట్టప్పా, దాన్ని తుడిస్తే నాడా వస్తాదా?"

నేను తుడుస్తూనే ఉన్నాను.

"తిమ్మత్త అంతా చెప్పింది. నాడాలు నేను నేస్తా. మా నాయన నిద్రపోయే యాళకు రోజూ వస్తా."

"ఏంటికి?"

"నా నోటితో నిన్ను చెట్టప్పను చేసినా. నా చేత్తోనే తీరుస్తా. ఊరికే కాదు. ఒక్కొక్క నాడాకు దాని చెట్టు సంగతి నాకు చెప్పల్ల. చెప్పలేదనుకో, నాడె కింద పెట్టి పోతా."

నాకు అది నాడా నేయడం కంటే కష్టమైన బేరం.

మా అమ్మ కొట్టం గడపలో కండెలు చుడుతూ కూర్చునేది. హులిగెమ్మ పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూ నేసేది. నేను నిలబడి చెప్పేవాణ్ణి.

మొదటిది ఎర్రమాను. దొరసాని కాగితంలో రెడ్‌వుడ్ అని ఉంది. దానికి ఎర్ర నూలు వేశాము.

"సముద్రం పక్కనుంటాది. ఎండకాలం వాన రాదు. సముద్రం మింద నుంచి మంచు వస్తాది. ఆ మంచు తాగి బతుకుతాది."

"పొడుగు తెలుసు. ఇంకేమి?"

"పట్ట జానెడు మందం. మంట తొందరగా అంటుకోదు. కొట్టేస్తే మొద్దు నుంచి మళ్లా మొలుస్తాది."

"కాయ?"

"రేగుపండంత."

ఆమె నాడె ఆపింది. "నూటయిరవై గజాల చెట్టుకు రేగుపండా! అయితే అది నీ అసుమంటిదే. మనిషి ఇంత, మాట ఇంత."

గడపలో మా అమ్మ దగ్గింది. నాకు నవ్వు వచ్చింది గాని తల తిప్పుకున్నాను.

రెండోది సెకోయా. ఎర్రమాను కంటే పొట్టి, రెండువందల డెబ్బై అడుగులు. లావులో దానికి సాటి లేదు. అడుగున ముప్పై అడుగుల అడ్డం.

"ముప్పై అడుగులంటే నాకు తెలిసేటట్టు చెప్పు" అంది.

"బోదె తొలిస్తే లోపల నాలుగు మగ్గాలు దించొచ్చు. ఇంకా పొయ్యికి తావుంటాది."

"నీళ్ల కుండకు?"

"దానికీ ఉంటాది."

"మనకు రెండు మగ్గాలు సాలు" అంది. అన్నాక గబుక్కున నాడా మీదికి వంగింది. నాలుగు పోగులు తప్పు పడ్డాయి. విప్పి మళ్లీ నేసింది. నేను చూడనట్టు ఉన్నాను. ఆ చెట్టుకు మూడువేల ఏళ్ల ఆయుష్షు అని చెప్పాలనుకున్నది మర్చిపోయాను. మరుసటి రోజు చెప్పాను.

మూడో చెట్టు డగ్లస్ ఫర్. మూడువందల అడుగులు. వాళ్ల దేశంలో దూలాలూ రైలు పట్టాల కింది చెక్కలూ దానివే. దాని కాయ రేకుల మధ్య మూడు మొనలు బయటికి వస్తాయి. ఎలుక లోపల దూరితే తోకా వెనక కాళ్లూ మాత్రం బయట మిగిలినట్టు ఉంటాయి.

"ఇది అబద్దం" అంది.

"గాబ్రియేలు చెప్పినాడు."

"గాబ్రియేలు వంటింట్లో ఎలుకలుండాయేమో."

నాలుగోది షుగర్ పైన్. మేము చక్కెరమాను అన్నాము. దాని జిగురు తియ్యగా ఉంటుందట. రెండువందల పది అడుగులు. దాని కాయే నేను తెచ్చింది. తువ్వాలు విప్పి ఆమె ముందు పెట్టాను. ఒడిలో పెట్టుకుని మూరతో కొలిచింది. ఒక్కొక్క రేకు కింద వేలు పెట్టి చూసింది.

"కాయే మూరెడుంటే చెట్టు అంతుండాల్సిందేలే" అంది. "గోపన్నా, నేను నమ్ముతాండా."

చెట్టప్ప అనలేదు. నేను ఆ రోజు చీర మీద రెండు గంటలు ఎక్కువ నేశాను. చెయ్యి నొప్పి తెలియలేదు.

ఐదోది తెల్ల పైన్. నూటయాభై అడుగులు. ఒక్కొక్క గుత్తికి ఐదు సూదులు. పూర్వం ఓడల తెరచాప స్తంభాలకు దాన్నే కొట్టేవాళ్లు. ఆరోది పిన్యోన్. అది ఇరవై నాలుగు అడుగులే. వానలు లేని ఎర్రనేలలో, రాళ్లలో పెరుగుతుంది. మెల్లగా పెరుగుతుంది. దాని గింజలు వేయించుకుని తింటారు.

"ఇరవై నాలుగడుగులా? అంతేనా?"

"అంతే. వాన లేదు గదా."

"ఇది మన సీమ చెట్టప్పా. తెలియక ఆడ పుట్టింది." ఆ నాడాకు నీలం నూలు తనే తెచ్చుకుంది. కొన దగ్గర ఎవరూ అడగని చిన్న అంచు నేసింది.

ఆరు నాడాలూ పంతొమ్మిదో తేదీకి ఉండలు చుట్టి ఇచ్చింది. నేను కొలవలేదు. ఆమె చేతి కొలతను నేను కొలవడమేమిటి అనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

ఇరవయ్యో తేదీ దొరసానమ్మ మోటారులో వచ్చింది. బడి ముందు నుంచి మా వీధి దాటి కర్నూలు బాట దాకా జనం. ముందు ఆమె చెట్ల పటం గోడకు తగిలించి చెప్పింది. ఎర్రమాను ఉందనీ, తన తండ్రి టోపీ పడిపోయిందనీ చెప్పింది. మా వీధి వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత బడి గడప దగ్గర మేకు కొట్టి ఎర్ర నాడా కొన కట్టాము. నేను ఉండ పట్టుకుని విప్పుకుంటూ నడిచాను.

కొన చేతికి వచ్చేసరికి కాశన్న నా ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో ఇనుప గజం.

"దొరసానమ్మా, ఈ వీధిలో కొలవకుండా బట్ట కదలదు. నాడా అయినా అంతే. ఎంతన్నారు మీరు?"

"నూటయిరువది గజములు."

"గోపన్నా, నువ్వు?"

"నూటయిరవై" అన్నాను.

ఆయన వంగి కొలుస్తూ పోయాడు. జనం వెంట పోయారు. గజం కింద పెట్టినప్పుడల్లా లెక్క గట్టిగా చెప్పాడు. నూటపద్దెనిమిది. నూటపంతొమ్మిది. నూటయిరవై. నాడా ఇంకా ముందుకు పోతోంది. నూటయిరవై ఆరు దగ్గర కొన వచ్చింది.

కాశన్న నడుము ఎత్తాడు.

"నెల కింద మూడునూర్ల అరవై అడుగులు. ఈపొద్దు మూడునూర్ల డెబ్బై ఎనిమిది. ఏమప్పా, ఉన్నతావునే పెరిగిందా?"

జనం గొల్లున నవ్వారు.

"వృక్షము ఒక నెలలో పదునెనిమిది అడుగులు ఎదుగదు" అంది దొరసానమ్మ. ఆమె నిజంగానే చెప్పింది. వాళ్లు ఇంకా నవ్వారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఇరవై గజాలకు ఒక గజం. మా వీధిలో ఎవరూ కచ్చితంగా నేయరు. కొత్త నూలు మొదటిసారి తడిస్తే అంత కుంచించుకుపోతుంది. అందుకని ముందే ఆ ఎక్కువ కలిపి నేస్తారు. ఆమె చెయ్యి తనంతట తనే ఆరు గజాలు కలిపింది. కొలత కోసం నేసే నాడాకు అది అక్కర్లేదని ఆమెకు తోచలేదు. నేను చెప్పలేదు.

"పలకవేమప్పా? ఎవరు నేసినారు ఇది?"

ఎవరు నేశారో చెబితే ఈ నింద నుంచి నేను బయటపడతాను. అయితే పెండ్లి కాని పిల్ల నెల రోజులు మా పెరట్లో కూర్చుందని వీధంతా తెలుస్తుంది. ఆ మాట ఎట్లా తిరుగుతుందో నాకు తెలుసు.

"నాది తప్పు" అన్నాను.

"విన్నారా! వాడే ఒప్పుకున్నాడు. నా పిల్లనియ్యనన్నానంటే ఊరికే అన్నానా?"

ఆయన గజం భుజాన వేసుకుని తిరిగాడు. ఎదురుగా హులిగెమ్మ ఉంది. ఆడవాళ్ల గుంపు దాటి బాట మధ్యకు వచ్చింది.

"నాయనా, ఇరవై గజాలకు ఎంత ఎక్కువ పెట్టల్లని నేర్పిచ్చినావు నాకు?"

"ఇప్పుడదేంటికి?"

"చెప్పు."

"గజం."

"నూటయిరవైకి?"

కాశన్న కూతురి చేతుల వైపు చూశాడు. వేళ్ల సందుల్లో ముందురోజు ఉండ చుట్టినప్పుడు అంటిన ఎర్ర రంగు ఇంకా పోలేదు.

"నేసింది నేను. తిమ్మత్త కండెలు చుట్టింది, నేను నేసినా. ఆయప్ప నూటయిరవై అనే చెప్పినాడు. ఆరు గజాలు నీళ్లకని నేను పెట్టినా. తప్పయితే నాది. నువ్వు నేర్పిందే నేసినా."

ఎవరూ నవ్వలేదు. మా అమ్మ ముందుకు వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"నా కండ్ల ముందరే నేసింది కాశన్నా. ఒక్కరోజు కూడా నేను గడప దిగలేదు."

ప్రేమ కథలో ఇట్లాంటి చోట వాన పడాలి. ఆ యేడు మాకు వాన లేదు. బడి పక్కన ఎడ్లకు నీళ్లు పెట్టే రాతి తొట్టి ఉంది. కాశన్న నాడా మేకు నుంచి విప్పి, తనే చుట్టుకుంటూ వచ్చి, అందులో ముంచాడు. బాగా పిసికాడు. నీళ్లు పిండేసి బాట మీద పరిచాడు. మా ఎండకు అది ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. అంతసేపూ దొరసానమ్మ మిగతా ఐదు చెట్లు చూపించింది. కాశన్న మాత్రం ఎర్ర నాడా పక్కనే గొంతుకూర్చున్నాడు.

మళ్లీ కొలిచాడు. ఈసారి లెక్క గట్టిగా చెప్పలేదు. పెదవులే కదిలాయి. చివర గజం కింద పెట్టి, కొన వేలితో సాఫు చేశాడు.

"నూటయిరవై. బెత్తెడు ఎక్కువ."

"అది అంచు ముడికి పెట్టినా" అంది హులిగెమ్మ.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. చాలా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నేసింది నువ్వు కాదని ఒక్క మాటంటే అయిపోయేది గదా. నోరెందుకు తెరవలా?"

"ఒకతూరి తెరిచినందుకే ఇంతదూరం వచ్చింది మామా."

అప్పటిదాకా ఆయనను నేను ఎప్పుడూ పెద్దాయనా అనేవాణ్ణి. మామా అని నోరు జారింది. ఆయన విన్నాడు. అందరూ విన్నారు. దొరసానమ్మకు అర్థం కాలేదు. వెనక నిలబడిన గాబ్రియేలు ఆమెకు మెల్లగా చెప్పాడు. ఆమె చప్పట్లు కొట్టింది.

కాశన్న ఇనుప గజానికి అంటిన దుమ్ము తుడిచాడు.

"చెట్టు సంగతి నాకు తెలీదు. నేను సూడలేదు. ఉందంటే ఉందిలే. నా పిల్ల కొలత తప్పలేదు. ఆ కొలత మింద మాట పడకుండా తప్పు నెత్తిన ఏసుకున్నావు సూడు, అది సాలు నాకు." మా అమ్మ వైపు తిరిగాడు. "తిమ్మక్కా, దసరా దాకా ఏంటికి? శుక్రవారం రా. తాంబూలం పెట్టుకుందాం."

మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

జనం పలచబడ్డారు. నాడాలు చుట్టి దొరసానమ్మ మోటారులో పెట్టాలి. ఎర్రది పొడవు కాబట్టి రెండు కొనల నుంచి చుట్టమంది మా అమ్మ. బడి గడప వైపు కొన హులిగెమ్మ పట్టుకుంది. బాట వైపు కొన నేను పట్టుకున్నాను. నడుమ నూటయిరవై గజాల ఎండ. ఆమె ఉండ చుట్టుకుంటూ నా వైపు నడిచింది. నేను ఆమె వైపు నడిచాను. ఆమె తల ఎత్తలేదు. నాడా బిగుసుకున్నప్పుడే ఆమెకు తెలిసింది నేను ఎదురుగా ఉన్నానని.

"నీ ఉండ సూపు" అంది.

చూపించాను. తన ఉండ పక్కన పెట్టి చూసింది.

"నాది పెద్దది. నేను డెబ్బై గజాలు వచ్చినా, నువ్వు యాభయ్యే వచ్చినావు."

"నువ్వు తొందరగా నడిచినావు."

"మరి నువ్వేంటికి మెల్లగా నడిచినావప్పా?"

నేను చెప్పాను. నిజమే చెప్పాను. "నువ్వు వచ్చేది సూస్తా నడిచినా."

ఆమెకు మాట దొరకలేదు. నేను ఆమెను అట్లా చూడడం అదే మొదలు.